పాలిచ్చేటప్పుడు నొప్పా? ముందు బిడ్డ పట్టు చూడండి

పురుడయిన మూడో రోజుకో నాలుగో రోజుకో రొమ్ములు నిండి బరువెక్కుతాయి. చాలామంది బాలింతలకి చనుమొనల నొప్పి ముదిరేది కూడా సరిగ్గా అప్పుడే. పక్కలో బిడ్డ కదిలితే చాలు, తల్లి గుండె గుభేలుమంటుంది. రొమ్ము అందించే ముందే పళ్లు బిగబట్టి, కాలివేళ్లు ముడుచుకుని సిద్ధమవుతుంది. "అందరికీ అంతేనమ్మా, మేమంతా ఇలా పడి పెంచినవాళ్లమే, కాస్త ఓర్చుకో" అంటుంది అమ్మమ్మ. "పాలు చాలట్లేదేమో, రాత్రికి డబ్బాపాలు పడదాం" అంటారు అత్తగారు. ఇద్దరిదీ ప్రేమే. బిడ్డ నోట్లోకి రొమ్ము ఎంత మేరకు వెళ్లిందో మాత్రం ఇద్దరూ వంగి చూడరు.

మొదటి వారంలో కాస్త నొప్పి మామూలే. కాన్పయిన కొత్తలో చనుమొనలు బాగా సున్నితంగా ఉంటాయి. బిడ్డ నోట పట్టగానే చురుక్కుమని, అర నిమిషమో నిమిషమో ఉండి, పాలు చేపుకొచ్చేసరికి తగ్గిపోతే కంగారు పడక్కర్లేదు. వారం పది రోజుల్లో అదే సర్దుకుంటుంది. అలా కాకుండా బిడ్డ తాగినంతసేపూ నొప్పి పెడుతున్నా, తాగడం అయ్యాక కూడా మంట వదలకపోయినా, చర్మం చీలినా, రక్తం కనిపించినా అది ఓర్చుకుని ఊరుకోవాల్సిన నొప్పి కాదు. కారణం వెతకాల్సిన నొప్పి.

ఎందుకంటే నష్టం చర్మంతో ఆగదు. నొప్పి భయంతో ఒళ్లు బిగుసుకుంటే, పాలను చేపుకి తెచ్చే ఆక్సిటోసిన్ అనే హార్మోను వెనకాడుతుంది. చేపు ఆలస్యమయ్యేసరికి బిడ్డ విసుగెత్తి ఇంకా గట్టిగా లాగుతుంది. తల్లి భయపడి తర్వాతిసారి పాలివ్వడం వాయిదా వేస్తుంది. పాలు నిలిచిపోయి రొమ్ము గట్టిపడితే బిడ్డకి పట్టు మరీ దొరకదు. ఈలోగా ఎవరో ఒకరు మందుల షాపుకి వెళ్లి డబ్బా తెచ్చేస్తారు. మన దేశంలో ఆరు నెలల లోపు పిల్లల్లో తల్లిపాలు మాత్రమే తాగుతున్నవాళ్లు 63.7 శాతం అని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క. మిగతావాళ్లందరికీ నొప్పే అడ్డొచ్చిందని అనలేం. కానీ మధ్యలో పాలు మానిపించిన తల్లుల్ని ఎందుకని అడిగితే 'పాలు చాలలేదు' అన్న జవాబుతో పాటు ముందు వరుసలో వినిపించేది ఈ నొప్పే.

బిడ్డ నోట్లో ఏం జరుగుతుందో తెలియాలంటే మన నోరే చాలు. నాలుక కొనను పై పళ్ల వెనక ఆనించి, అంగిలి వెంట మెల్లగా వెనక్కి జరిపి చూడండి. ముందంతా గట్టిగా ఎముక తగులుతుంది. ఇంకాస్త వెనక్కి వెళితే ఉన్నట్టుండి మెత్తబడుతుంది. బిడ్డ నోట్లో చనుమొన చేరాల్సింది ఆ మెత్తదనం మొదలయ్యే చోటు దాకా. అంత లోపలికి వెళితే అది నలగదు. నిజానికి బిడ్డ చనుమొనని నమిలి పాలు తాగదు. నాలుక కిందికి దిగినప్పుడు నోట్లో పుట్టే శూన్యం పాలను లాగుతుంది. వెస్టర్న్ ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయంలో డోనా గెడ్స్ బృందం, పాలు తాగుతున్న పిల్లల గడ్డం కింద అల్ట్రాసౌండ్ పరికరం ఆనించి, నాలుక కదలికను కళ్లారా చూసి 2008లో ఈ సంగతి వివరించింది. మరి చనుమొన ఒక్కటే నోట్లోకి వెళ్లి, చుట్టూ ఉండే నల్లటి వలయమంతా బయటే ఉండిపోతే? గట్టి అంగిలికీ నాలుకకీ మధ్య పడి నలుగుతుంది. అప్పుడే పుట్టిన పిల్లలు రోజుకి ఎనిమిది నుంచి పన్నెండు సార్లు తాగుతారు. అన్నిసార్లు ఒకేచోట నలిగితే ఏ చర్మమైనా పగలకుండా ఉండదు.

బిడ్డ వదిలిన మరుక్షణం చనుమొనని ఒకసారి చూసుకుంటే జవాబు అక్కడే ఉంటుంది. గుండ్రంగానే ఉండి కొంచెం సాగి ఉంటే సరే. ఒకపక్క నొక్కుకుపోయి ఏటవాలుగా కనిపించినా, కొస మీద అడ్డంగా తెల్లటి గీత పడినా పట్టు పైపైనే ఉందని అర్థం.

ఇది ఈనాటి ఆలోచనేం కాదు. చనుమొనలు పుండ్లు పడటానికి కారణాలు, నివారణ గురించి బ్రిటన్ వైద్యురాలు మేవిస్ గుంథర్ 1945లోనే 'లాన్సెట్' పత్రికలో రాశారు. బిడ్డ రొమ్ము పట్టే తీరుకీ గాయానికీ ఉన్న సంబంధాన్ని పట్టించుకోమన్నారు. ఆమెకి ముందూ, ఆమె తర్వాత చాలాకాలమూ నింద మాత్రం తల్లి చర్మం మీదే పడింది. సుకుమారపు చర్మం కాబట్టి పగులుతోందని, కడుపుతో ఉన్నప్పుడే గరుకు తువ్వాలుతో రుద్ది మొద్దుబార్చుకోమని పాశ్చాత్య దేశాల్లో గర్భిణులకు నేర్పేవారు. ఒక్కో పక్క ఇన్ని నిమిషాలేనని గడియారం చూసి బిడ్డను తీసేయమనేవారు. రెండింటివల్లా ఒరిగిందేమీ లేదు. అంతకన్నా ఘోరం, విక్టోరియా రాణి కాలపు ఇంగ్లండులో పగుళ్లు మానతాయని సీసంతో చేసిన తొడుగులు అమ్మారు. పాలిచ్చాక తల్లి వాటిని పెట్టుకునేది. ఆ సీసం చర్మానికి అంటి బిడ్డ నోట్లోకి పోయేది. ఇప్పుడు సీసం లేదు, కానీ నొప్పి అనగానే 'పైన ఏం పూద్దాం' అని వెతికే అలవాటు మాత్రం అలాగే ఉంది.

పూయడం సంగతి తర్వాత. ముందు కూర్చోవడం నుంచి మొదలుపెట్టాలి.

తల్లి వీపుకి గోడో దిండో ఆనుకుని, భుజాలు వదులుగా ఉండాలి. బిడ్డ మీదకి తను వంగకూడదు. బిడ్డనే తన దగ్గరికి తీసుకోవాలి. మన ఇళ్లల్లో తరచూ కనిపించే దృశ్యం ఒకటుంది: బిడ్డ ఒళ్లో వెల్లకిలా పడుకుని, తల ఒక్కటీ రొమ్ము వైపు తిప్పుకుని తాగుతుంటుంది. మెడ భుజం మీదకి తిప్పి ఒక గుక్క నీళ్లు మింగి చూస్తే ఆ కష్టమేంటో పెద్దవాళ్లకీ తెలుస్తుంది. బిడ్డ పొట్ట తల్లి పొట్టకి ఆనాలి. చెవి, భుజం, తుంటి ఒకే వరుసలో ఉండాలి. చలనీ గాలనీ చేతులు కూడా కదలకుండా గుడ్డలో చుట్టేసిన బిడ్డ తల్లికి దగ్గరగా రాలేదు. పాలిచ్చేటప్పుడైనా ఆ చుట్టు కాస్త విప్పడం మేలు.

ఇక అసలు ఘట్టం. బిడ్డ ముక్కు చనుమొనకి ఎదురుగా ఉండేలా పట్టుకుని, చనుమొనతో పై పెదవిని తాకించాలి. బిడ్డ తల కొంచెం వెనక్కి వాల్చి నోరు తెరుస్తుంది. కొంచెం తెరవగానే తొందరపడితే మళ్లీ పైపై పట్టే వస్తుంది. ఆవలించినంత పెద్దగా తెరిచేదాకా ఆగి, అప్పుడు భుజాల వెనక నుంచి ఒక్క ఊపులో దగ్గరికి తీసుకోవాలి. ముందు గడ్డం, కింది పెదవి రొమ్ముకి ఆనాలి, పై పెదవి చివర్లో చేరాలి. నోటికి పట్టనంత బూరె కొరకాలంటే మనమూ కింది దవడ ముందు ఆనించాకే కదా పై పళ్లు దింపుతాం. ఇదీ అంతే. తల వెనక చెయ్యి పెట్టి మాత్రం నొక్కకూడదు. నొక్కితే పిల్లలు వెనక్కి విరుచుకుంటారు, ఆ తర్వాత రొమ్ము చూస్తేనే పేచీ పెడతారు.

సరిగ్గా పట్టిందా లేదా అన్నది తెలుసుకోవడానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ తన శిక్షణలో నాలుగు గుర్తులు నేర్పుతుంది. నోరు బాగా తెరిచి ఉంటుంది, కింది పెదవి బయటికి మడిచి ఉంటుంది, గడ్డం రొమ్ముకి ఆనుకుని ఉంటుంది, నల్లటి వలయం కిందివైపు కన్నా పైవైపు ఎక్కువ కనిపిస్తుంది. వీటికి తోడు చెవి కూడా పనికొస్తుంది. మొదట గబగబా చప్పరించిన బిడ్డ, పాలు చేపుకు రాగానే నిదానిస్తుంది. లోతుగా లాగడం, గుటక, చిన్న విరామం. బుగ్గలు గుంటలు పడుతున్నా, టక్ టక్ మని నాలుక చప్పుడు వస్తున్నా పట్టు జారుతోందన్నమాట. అప్పుడు బిడ్డను అలాగే లాగేస్తే ఉన్న పగులు కాస్తా పెద్దదవుతుంది. శుభ్రంగా కడుక్కున్న చిటికెనవేలిని పెదవి మూల నుంచి చిగుళ్ల మధ్యకి పోనిస్తే గాలి చొరబడి నోరు దానంతటదే వదులవుతుంది. తీసి, మళ్లీ పట్టించాలి. ఒక్కో పూట మూడు నాలుగుసార్లయినా పట్టించాల్సి రావచ్చు. ఎక్కడో లోపముందని దిగులు పడక్కర్లేదు. తల్లీ బిడ్డా ఇద్దరూ ఈ పనికి కొత్తే.

ఈ చెప్పినదంతా మామూలు కాన్పు అయినవాళ్లకే కాస్త కష్టం. ఆపరేషన్ అయితే మరీ. ముందు చెప్పిన 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారమే తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు, దేశంలోని రాష్ట్రాలన్నిటిలోకీ ఎక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. కుట్ల మంటతో నిటారుగా కూర్చోలేని తల్లి, బిడ్డ కాలు ఎక్కడ పొట్టకి తగులుతుందోనని ఒళ్లోంచి దూరంగా పట్టుకుంటుంది. దూరంగా ఉన్న బిడ్డకి అందేది చనుమొన కొస ఒక్కటే. తెలుగు ఇళ్లల్లో చనుమొనల నొప్పి గురించి మాట్లాడుకునేటప్పుడు సిజేరియన్ మాట రాకపోవడం వింతే.

ఆపరేషన్ అయిన తల్లికి చంక కింద పట్టు బాగా పనికొస్తుంది. పక్కన దిండు వేసి, దాని మీద బిడ్డను పడుకోబెట్టి, కాళ్లు తల్లి వీపు వైపు పోయేలా, తల అరచేతిలో ఒదిగేలా పట్టుకోవాలి. కుట్లకి ఏమీ తగలదు, బిడ్డ నోరు ఎదురుగా స్పష్టంగా కనిపిస్తుంది. పక్కకి తిరిగి పడుకుని ఇవ్వడం ఇంకో పద్ధతి. పడుకుని పాలిస్తే చెవుల్లోకి పోయి చీము పడుతుందని పెద్దవాళ్లు వారిస్తుంటారు. సీసా పాలు వెల్లకిలా పడుకోబెట్టి పట్టకూడదన్న మాట నిజమే. బిడ్డ కూడా తల్లి వైపు పక్కకి తిరిగి తాగుతుంటే ఆ భయం పెట్టుకోనక్కర్లేదు. మత్తు, అలసట ఉన్న రోజుల్లో తల్లి అలాగే నిద్రలోకి జారుకుంటుంది కాబట్టి పక్కన ఒకరు మెలకువగా ఉంటే చాలు. మూడో పద్ధతికి బ్రిటన్‌లో పనిచేసిన మంత్రసాని, పరిశోధకురాలు సుజాన్ కోల్సన్ ప్రాచుర్యం తెచ్చారు. తల్లి దిండ్ల మీదకి సగం వెనక్కి వాలి, బిడ్డను ఛాతీ మీద బోర్లా పడుకోబెట్టుకుంటుంది. బిడ్డ తనంతట తానే వెతుక్కుని పట్టుకుంటుంది. ఆపరేషన్ అయినవాళ్లు బిడ్డ కాళ్లు కుట్ల మీదకి రాకుండా అడ్డంగా పడుకోబెట్టుకోవచ్చు.

రొమ్ములు రాయిలా గట్టిపడ్డ రోజున ఎన్ని పద్ధతులు తెలిసినా పట్టు దొరకదు. చనుమొన చుట్టూ ఉన్న భాగం బిగుసుకుపోయి బిడ్డ నోట్లోంచి జారిపోతుంటుంది. అలాంటప్పుడు వేళ్ల కొసలను చనుమొన మొదట్లో చుట్టూ ఆనించి, ఛాతీ వైపు నిమిషం పాటు మెత్తగా నొక్కి ఉంచితే అక్కడి వాపు కాస్త వెనక్కి పోతుంది. తర్వాత చేత్తో కొన్ని పాలు పిండేస్తే నల్లటి వలయం మెత్తబడుతుంది. అప్పుడు బిడ్డకి ఇవ్వాలి.

చనుమొనలు లోపలికి ఉన్నవాళ్ల బాధ వేరు. పురుడు రాకముందే 'నీకు పాలివ్వడం కష్టం' అని ఎవరో ఒకరు అనేసి ఉంటారు. బిడ్డ తాగేది చనుమొన ఒక్కదాని నుంచి కాదు, రొమ్ము నుంచి. కాబట్టి పట్టు బాగుంటే చాలామంది ఇబ్బంది లేకుండానే ఇస్తారు. సాయం కావాల్సినవాళ్ల కోసం మన పొరుగునే, కర్ణాటకలోని దావణగెరెలో, ఒక చవకైన ఉపాయం తయారైంది. పిల్లల వైద్యురాలు డాక్టర్ నిర్మలా కేసరి, డాక్టర్ బనాపుర్‌మఠ్, వాళ్ల సహచరులు 1993లో 'జర్నల్ ఆఫ్ హ్యూమన్ లాక్టేషన్' పత్రికలో దాన్ని వివరించారు. అది మామూలు ప్లాస్టిక్ సిరంజి. పది మిల్లీలీటర్లదో, చనుమొన పెద్దదైతే ఇరవైదో తీసుకుంటారు. సూది తగిలించే కొసను బ్లేడుతో అడ్డంగా కోసేస్తారు. లోపలి ప్లంజర్‌ను బయటికి లాగి, ఆ కోసిన వైపు నుంచి తిరిగి ఎక్కిస్తారు. అలా తిరగేస్తే కోత అంచు చర్మానికి తగలదు, ఫ్యాక్టరీలో నునుపు చేసిన రెండో అంచు రొమ్ముకి ఆనుతుంది. ప్లంజర్‌ను తల్లే మెల్లగా వెనక్కి లాగుతుంది. చనుమొన బయటికి వస్తుంది. అర నిమిషమో నిమిషమో అలా ఉంచి, ప్లంజర్‌ను కాస్త లోపలికి తోసి గాలి వదిలి, సిరంజి తీసి, వెంటనే బిడ్డను పట్టిస్తారు. నొప్పి పుట్టేదాకా లాగకూడదు, పగుళ్లున్నప్పుడు అసలు చేయకూడదు. మొదటిసారి నర్సు దగ్గర చూసి నేర్చుకోవడమే నయం. పెద్దగా ఖర్చు లేని ఈ ఉపాయాన్ని తర్వాత ప్రపంచ ఆరోగ్య సంస్థ పాలిచ్చే తల్లుల కౌన్సెలింగ్ శిక్షణలోనూ చేర్చారు.

ఇప్పుడు పూతల సంగతి. మందుల షాపులో దొరికే వాటిలో బాగా పేరున్నది లానోలిన్, అంటే గొర్రెల ఉన్ని నుంచి తీసి శుద్ధి చేసిన కొవ్వు. ఇక కెనడాలో డాక్టర్ జాక్ న్యూమన్ మూడు మందులు కలిపి రూపొందించిన లేపనం ఉంది, గ్లిజరిన్ జెల్ పట్టీలున్నాయి. ఇవన్నీ ఎంతవరకు పనిచేస్తాయని నాలుగు పరిశోధనల్లోని 656 మంది తల్లుల వివరాలను 2014లో కోక్రేన్ సమీక్ష ఒకచోట పెట్టి చూసింది. ఏదీ గట్టిగా పనిచేస్తుందనడానికి తగినంత ఆధారం దొరకలేదు. కొద్ది రోజుల వరకు చూస్తే, ఏమీ పూయకపోయినా, తల్లి తన పాలే రాసుకున్నా, లానోలిన్‌తో సమానంగానో అంతకన్నా కాస్త మెరుగ్గానో ఉండొచ్చని తేలింది. ఏం పూసినా పూయకపోయినా కాన్పు తర్వాత ఏడు నుంచి పది రోజుల్లో ఎక్కువమందికి నొప్పి బాగా తగ్గింది. అలాగని లానోలిన్ రాసుకునేవాళ్లని తప్పు పట్టక్కర్లేదు. పగిలిన చర్మానికి బట్ట అంటుకోకుండా ఉంటే హాయిగానే ఉంటుంది, బిడ్డకి పాలిచ్చే ముందు తుడవక్కర్లేదు కూడా. కానీ పట్టు సరిచేయకుండా ట్యూబు మీద ట్యూబు కొంటే డబ్బు ఖర్చు తప్ప గాయం మానదు.

ఇంట్లో చేయదగింది సులువు. పాలిచ్చాక రెండు చుక్కలు పిండి చనుమొనకి రాసి, గాలికి ఆరనివ్వాలి. తడిసిన పాడ్‌లు, బిగుతు లోదుస్తులు మార్చుకోవాలి. రోజుకోసారి స్నానంలో మామూలు నీళ్లు తగిలితే చాలు. నల్లటి వలయం మీద కనిపించే చిన్న చిన్న బొడిపెలు జబ్బు కాదు. చర్మాన్ని మెత్తగా ఉంచే నూనెను ఊరించే గ్రంథులవి, వాటి వాసన బిడ్డకి దారి కూడా చూపిస్తుంది. 1837లో వాటి గురించి రాసిన ఐర్లండు వైద్యుడు మాంట్‌గోమరీ పేరే వాటికి పెట్టారు. సబ్బుతోనో సున్నిపిండితోనో పాలిచ్చిన ప్రతిసారీ రుద్ది కడిగితే ఆ నూనె పోయి చర్మం ఎండి పగులుతుంది. క్రిమినాశక ద్రవాలు, టూత్‌పేస్టు, వస, ఘాటైన ఆకుపసర్లు బిడ్డ నోట్లోకి పోయే చోట పూయాల్సినవి కావు.

పాలివ్వడం ఆపాలా అంటే, చాలావరకు అక్కర్లేదు. నొప్పి తక్కువున్న పక్క ముందు ఇస్తే, బిడ్డ ఆకలి కొంత తీరి రెండో పక్క మెల్లగా లాగుతుంది. ఒకే భంగిమలో కాక మార్చి మార్చి ఇస్తే ఒత్తిడి ఒకేచోట పడదు. పాలివ్వడానికి అరగంట ముందు పారాసిటమాల్ వేసుకోవచ్చు. పాలిచ్చే తల్లులకి అదీ, ఐబూప్రొఫెనూ మామూలు మోతాదులో ఇవ్వదగినవే. కాకపోతే అల్సర్, కిడ్నీ సమస్యల్లాంటివి ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా ఐబూప్రొఫెన్ జోలికి పోకూడదు. చీలిక లోతుగా ఉండి అసలు తట్టుకోలేకపోతే ఒకటి రెండు రోజులు ఆ పక్క విశ్రాంతినిచ్చి, చేత్తో పాలు పిండి పట్టవచ్చు. పిండకుండా వదిలేస్తే మాత్రం గడ్డకడతాయి. పిండిన పాలకి సీసా కన్నా మన ఉగ్గుగిన్నె మేలు. ఆసుపత్రుల్లో నెలలు నిండని పిల్లలకి పాలు పట్టే పలాడి అచ్చంగా అదే. శుభ్రంగా కడిగి మరిగించిన గిన్నెతో, తల ఎత్తి ఒళ్లో కూర్చోబెట్టుకుని, బిడ్డ గుటక వేసేదాకా ఆగి ఆగి పట్టాలి, గొంతులో పోయకూడదు. దాంట్లో పోయాల్సింది తల్లిపాలే. ఆముదం, తేనె, వస అరగదీసిన నీళ్లు కాదు.

పగుళ్లున్న తల్లి పాలు తాగి బిడ్డ కక్కినప్పుడు ఎర్రటి చారలు కనిపిస్తే ఇంటిల్లిపాదీ హడలిపోతారు. ఆ రక్తం తల్లిదే అయితే బిడ్డకి హాని లేదు. తల్లి చనుమొన చూస్తే సందేహం చాలావరకు తీరిపోతుంది. అక్కడ పగులేమీ లేకపోతే మాత్రం బిడ్డను వెంటనే డాక్టర్‌కి చూపించాలి.

పట్టు బాగానే ఉన్నా నొప్పి పోకపోతే? అప్పుడు వేరే కారణాలు వెతకాలి. కొందరికి బిడ్డ వదలగానే చనుమొన తెల్లగా పాలిపోయి, తర్వాత నీలంగా, ఎర్రగా మారుతూ భరించలేని పోటు వస్తుంది. చల్లగాలి తగిలితే ఎక్కువవుతుంది. రక్తనాళాలు బిగుసుకుపోవడం వల్ల వచ్చే పోటు ఇది. పాలిచ్చాక వెంటనే పొడి గుడ్డతో కప్పి వెచ్చగా ఉంచితే చాలామందికి తగ్గుతుంది. తగ్గనివాళ్లకి డాక్టర్లు నిఫెడిపిన్ అనే మాత్ర ఇస్తారు. ఇలాంటి నొప్పిని ఫంగస్ అనుకుని వారాల తరబడి పూతలు వాడినవాళ్లూ ఉంటారు. నిజంగా ఫంగస్ అయితే చర్మం మెరుస్తూ, పొట్టు రేగుతూ, మంట పుడుతుంది. బిడ్డ నాలుక మీద, బుగ్గల్లోపల తుడిస్తే పోని తెల్లటి మచ్చలుంటాయి. అప్పుడు తల్లికీ బిడ్డకీ ఒకేసారి మందు వాడాలి. కానీ కంగారులో ప్రతి మంటకీ ఈ పేరే పెట్టేస్తున్నారని నిపుణులే ఇప్పుడు అంటున్నారు.

నాలుక కింద పొర బిగుతుగా ఉండి, నాలుక ముందుకి చాపలేని పిల్లలు కొందరుంటారు. ఆ పొరను చిన్న కోతతో వదులు చేస్తే తల్లి నొప్పి అప్పటికి తగ్గుతుందని 2017 కోక్రేన్ సమీక్ష చెప్పింది, పాలివ్వడం మొత్తంగా మెరుగుపడుతుందా అన్నది మాత్రం తేల్చలేకపోయింది. ఈ కోతలు మరీ ఎక్కువైపోతున్నాయని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2024లో హెచ్చరించింది. పట్టు సరిచేసి చూడకుండా కత్తెర తీయడం తొందరపాటే. ఉద్యోగానికి వెళుతూ పంపుతో పాలు తీసేవాళ్లకి గరాటా లాంటి భాగం కొలత సరిపోకపోయినా, లాగే బలం ఎక్కువ పెట్టినా చనుమొన ఒరుసుకుపోతుంది. ఎక్కువ బలంతో లాగితే ఎక్కువ పాలు రావు.

కొన్నిటికి మాత్రం ఆలస్యం పనికిరాదు. జ్వరం, వణుకు, రొమ్ములో ఒకచోట ఎర్రగా గట్టిపడి వేడిగా ఉండటం వాపు లక్షణాలు. పాలు ఆపకుండా ఇస్తూనే డాక్టర్‌ని కలవాలి. గట్టిగా పిసికి మర్దన చేయడం పాత పద్ధతి, దానితో వాపు పెరుగుతుందని తేలాక ఇప్పుడు చల్లటి కాపడం పెట్టమంటున్నారు. రొమ్ము మీద నీటిపొక్కుల గుంపు కనిపిస్తే హెర్పిస్ కావచ్చు, అది కాదని తేలేదాకా ఆ పక్క ఇవ్వకూడదు. ఒక్క పక్కే గజ్జిలా రేగి వారాలు గడిచినా మానని చనుమొనని తప్పకుండా చూపించుకోవాలి. అరుదుగానే అయినా దాని వెనక క్యాన్సర్ ఉండొచ్చు.

డాక్టర్ దగ్గరికి వెళ్లినా చిక్కొకటుంది. అయిదు నిమిషాల ఓపీలో నొప్పి మాట చెబితే చీటీ మీద క్రీము పేరు వస్తుంది. బిడ్డ తాగుతుండగా చూడమని అడగడం తల్లి హక్కు, మొహమాటపడాల్సిన పని లేదు. ఇంటి దగ్గర చూసే మనిషీ ఉన్నారు. ఆసుపత్రిలో కాన్పయిన తల్లిని ఆశా కార్యకర్త మూడు, ఏడు, పద్నాలుగు, ఇరవై ఒకటి, ఇరవై ఎనిమిది, నలభై రెండో రోజుల్లో ఇంటికొచ్చి చూడాలని నియమం. నొప్పి ముదిరే రోజులు, తగ్గే రోజులు ఆ మొదటి మూడు రాకల మధ్యే పడతాయి. బరువు తూచి రాసుకుని వెళ్లిపోనివ్వకుండా, ఆమె ఉన్నప్పుడే బిడ్డను రొమ్ముకి పట్టించి చూపించాలి. చిక్కల్లా, పురిటికి పుట్టింటికి వెళ్లిన అమ్మాయి పేరు అత్తవారి ఊరి జాబితాలో ఉండిపోవడం. పుట్టింటి ఊరి ఆశాకి ముందే ఒక మాట చెప్పి ఉంచితే సరిపోతుంది.

మొదటి నెల గట్టెక్కిన తల్లికి నొప్పి మళ్లీ ఎదురయ్యేది ఆరో నెల చుట్టుపక్కల, పళ్లు వచ్చేటప్పుడు. నిజంగా పాలు లాగుతున్నంతసేపూ బిడ్డ కొరకలేదు, నాలుక కింది చిగురును కప్పి ఉంటుంది. కొరికేది చివర్లో, పొట్ట నిండి ఆటకి దిగినప్పుడు. గుటకలు ఆగి చూపు పక్కకి పోయిందంటే వేలు పెట్టి వదిలించేయాలి. కొరికినప్పుడు కెవ్వుమని అరిస్తే కొందరు పిల్లలు బెదిరిపోయి రొమ్ము మానేస్తారు, ఇంకొందరికి అదో సరదా అయిపోతుంది. లాగేయకుండా, బిడ్డ మొహాన్ని రొమ్ముకి ఇంకాస్త దగ్గరగా అదిమితే ముక్కుకి గాలి ఆడక క్షణంలో నోరు తెరుస్తుంది. పాలిచ్చే ముందు చల్లటి తడిగుడ్డను చిగుళ్లతో నమలనిచ్చినా దురద కొంత తీరుతుంది. పళ్లు లేవు, పగుళ్లు లేవు, నెలల తరబడి హాయిగా ఇస్తున్న తల్లికి ఉన్నట్టుండి చనుమొనలు సలుపుతున్నాయంటే ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. మళ్లీ నెల తప్పి ఉండొచ్చు, ఒకసారి పరీక్ష చేయించుకుంటే తెలిసిపోతుంది.